పొలం, పద్దు లేని మాంటిస్సోరి హైస్కూళ్లు

సంపాదకులకు,

అడ్మిషన్ల కాలం వచ్చేసరికి నెల్లూరు, కావలి, ఒంగోలు గోడల మీద మాంటిస్సోరి పేరు నర్సరీ దాటి పదో తరగతి దాకా పాకుతోంది. ఆ పేరు ఎవరి సొత్తూ కాదు, ఎవరైనా బోర్డు మీద రాసుకోవచ్చు. చిన్న తరగతుల్లో గులాబీ రంగు ఘనాలు, పూసల గొలుసులు కొని పెడితే, పిల్లలు సామగ్రిని చేత్తో పట్టుకుని తమంతట తాము నేర్చుకునే ఆ పద్ధతి కొంతవరకైనా నడుస్తుంది. పన్నెండేళ్లు దాటిన పిల్లలకు అలా కొని అలమరలో పెట్టే సామగ్రి తక్కువ. చిన్నప్పుడు ఆటగా పేర్చిన (a+b)³ను చూపే ఎనిమిది ముక్కల ద్విపద ఘనాన్ని తొమ్మిదో తరగతి బీజగణితంలో మళ్లీ తీయవచ్చు, అంతవరకే. దాంతో చాలా బడులు బోర్డు ఉంచుకుని నలభై నిమిషాల పీరియడ్లకూ స్లిప్ టెస్టులకూ మళ్లుతున్నాయి.

ఈ పద్ధతిని రూపొందించిన ఇటలీ వైద్యురాలు మరియా మాంటిస్సోరి పిల్లల ఎదుగుదలను ఆరేళ్ల చొప్పున నాలుగు దశలుగా చూశారు. 1907లో రోమ్‌లో తెరిచిన బడి మొదటి దశ పిల్లలది. 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధం మూలాన 1946 దాకా మన దేశంలో ఉండిపోయినప్పుడు కొడైకెనాల్‌లో రెండో దశ చదువు మీద పని సాగింది. పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల దశకు ఆమె సూచించింది పట్నానికి దూరంగా ఒక పొలం, అక్కడే వసతి గృహం, పండించింది అమ్మే దుకాణం, యంత్రాలు విప్పి బిగించే ఒక చోటు. ఒళ్లు వేగంగా పెరుగుతూ, మాట పడితే తట్టుకోలేని వయసు అది. ఈ లోకంలో నేను దేనికి పనికొస్తానన్న ప్రశ్న అప్పుడే పుడుతుంది. చేతి పనితో నాలుగు రూపాయలు తెచ్చుకోవడం దానికి జవాబులో భాగమని ఆమె అభిప్రాయం. హాస్టళ్లకు మన వైపు కొదవ లేదు గానీ, వాటిలో పిల్లవాడు మెనూ వేయడు, సరుకుల లెక్క చూడడు, గంట కొడితే స్టడీ అవర్‌లో కూర్చుంటాడు.

పొలం అనగానే యాజమాన్యాలు ఎకరాల ధర చెప్పి బెదిరిస్తాయి. ఏడు, ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్లు కలిసి ముప్పై మంది ఉంటే పది సెంట్లతో మొదలుపెట్టవచ్చు. అంటే 4,356 చదరపు అడుగులు, నెల్లూరు కొలతలో 121 అంకణాలు. సాళ్ల మధ్య 60, మొక్కల మధ్య 30 సెంటీమీటర్లు వదిలి బెండ వేస్తే సుమారు 2,200 మొక్కలు పడతాయి. ఈ సంఖ్య పిల్లలే తేల్చాలి, గింజలు ఆ లెక్కనే కొనాలి. మన దగ్గర పెద్ద వానలు అక్టోబరు, నవంబరుల్లో కాబట్టి జూన్‌లో బడి తెరవగానే విత్తితే వాటికి ముందే కోతలు అయిపోతాయి. విత్తిన 45, 50 రోజులకు మొదటి కోత, ఆ తర్వాత రెండు రోజులకోసారి. వరుసగా నాలుగు రోజులు సెలవులొస్తే కాయ ముదిరి పీచు పడుతుంది, ఎవరూ కొనరు. సెలవుల్లో ఎవరు వచ్చి కోయాలో వంతుల పట్టీ విత్తిన నాడే రాసుకోవాలి. ఆకుల ఈనెలు పసుపెక్కితే పల్లాకు తెగులు. ఆ వైరస్‌కు మందు లేదు, సోకిన మొక్కను పీకేసి, దాన్ని మోసే తెల్లదోమను అదుపు చేయాలి. వైరస్‌ల పాఠం ఆ వారంలోనే చెప్పాలి తప్ప సిలబస్ వరుసలో వచ్చినప్పుడు చెబితే లాభం లేదు. పాఠాల క్రమం మార్చుకునే స్వేచ్ఛ టీచరుకు లేనిచోట ఇదంతా వట్టి కూలి పనిగా మిగులుతుంది. ఫొటో కోసం పిల్లల చేతికి పార ఇచ్చి, మిగతా రోజుల్లో తోటమాలి చేత చేయించే బడుల గురించి చెప్పేదేముంది!

పొలం కంటే పద్దు ముఖ్యం. ఎక్కువ బడులు దెబ్బతినేదీ అక్కడే. పిల్లల సంఘానికి బడి 6,000 రూపాయలు నూటికి రూపాయి వడ్డీకి అప్పివ్వాలి. నెలకు వడ్డీ 60 రూపాయలు, ఏడాదికి పన్నెండు శాతం. కౌలు, గింజలు, ఎరువు, మోటారు కరెంటు, మార్కెట్‌కు ఆటో కిరాయి అన్నీ ఖర్చులో పడాలి. నీళ్లూ కరెంటూ బడే భరించి, అమ్మిన డబ్బంతా లాభమని చూపిస్తే అది దొంగ లెక్క. తల్లిదండ్రులు ముచ్చటపడి రెట్టింపు ధర ఇవ్వడం కూడా అలాంటిదే, రైతుబజారు ధర మించి తీసుకోకూడదు. నష్టం వస్తే నష్టమనే రాయాలి, అప్పు వచ్చే పంటకు మోసుకెళ్లాలి. దుకాణంలో కూరగాయలతో పాటు ఉదయగిరి చెక్క గరిటెలు తెచ్చి అమ్మితే కొన్న ధర, అమ్మిన ధర, నిలవ సరుకు అర్థమవుతాయి.

యంత్రాలకు పాత 5 హెచ్‌పి మోటారు, స్టార్టరు, కుట్టు మిషను చాలు. 5 హెచ్‌పి అంటే 3.73 కిలోవాట్లు. పూర్తి లోడు మీద గంటసేపు నడిస్తే మీటరులో అంతకంటే ఎక్కువ యూనిట్లు తిరుగుతాయి, ఆ తేడా ఎటు పోయిందో వెతకడమే భౌతికశాస్త్రం. రొయ్యల గుంటలను మాత్రం పిల్లలకు అప్పగించవద్దు, లోతు నీళ్లు, నీటిలో గాలి కలిపే ఏరేటర్ల కరెంటు తీగలు ఉంటాయి. రొయ్యలు పట్టే నాడు తూకం దగ్గర కూర్చోబెడితే చాలు, 50 కౌంట్, అంటే కిలోకు 50 రొయ్యలు తూగితే ఒక్కో రొయ్య 20 గ్రాములని వాళ్లే కడతారు. నీటికి కటకటలాడే కనిగిరి వైపు బడికి ఫ్లోరైడ్ పరీక్షే ఏడాది పని కావచ్చు. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. ఏ వీధి బోరులో ఎంత ఉందో పటం గీస్తే ఊరికీ పనికొస్తుంది.

వీటన్నిటికీ ఉదయం రెండున్నర, మూడు గంటలు గంట కొట్టని సమయం కావాలి. మరి పదో తరగతి సంగతి? ఆరు సబ్జెక్టులు, 600 మార్కులు ఎటూ పోవు. పద్దు బాగా రాసిన పిల్లవాడు పరీక్ష కూడా దానంతటదే రాసేస్తాడనుకోవద్దు. మూడుంబావు గంటల్లో పేపరు ముగించడం విడిగా నేర్వాల్సిన పని, తొమ్మిదో తరగతి చివరి నుంచే వారానికో పేపరు పూర్తి సమయం పెట్టి రాయించాలి. అంతా వదిలేసి డిసెంబరులో మేలుకునే బడి రెంటికీ చెడ్డ రేవడి. ఒకేసారి అన్నీ రాయలేని వారికి జాతీయ సార్వత్రిక విద్యాసంస్థలో ఐదేళ్లలో విడతలుగా రాసే వీలుంది.

ఒక జాగ్రత్త. 2016లో సవరించిన బాల కార్మిక చట్టం 14 ఏళ్లలోపు వారిని పనిలో పెట్టడాన్ని నిషేధించింది. కాబట్టి అమ్మకం డబ్బు పిల్లల సంఘం ఖాతాలోనే ఉండాలి, యాజమాన్యానికి పైసా చేరకూడదు. కరస్పాండెంటు గారి సొంత పొలంలో కోతలకు తీసుకెళ్లి ప్రాజెక్టు వర్కు అనకూడదు. పురుగుమందు డబ్బా ఏ వయసు విద్యార్థి చేతికీ రాకూడదు. ఫీజు కట్టేముందు తల్లిదండ్రులు పోయిన ఏడాది పద్దు పుస్తకం అడగవచ్చు, అందులో చేతిరాత పిల్లలదో క్లర్కుదో చూస్తే తెలిసిపోతుంది.

ఇట్లు,
మాంటిస్సోరి బడుల ఉపాధ్యాయులు కొందరు,
నెల్లూరు