కణాలు అంటుకున్నంత మాత్రాన కవాటం కాదు: కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రివర్యులకు నమస్కారాలు.

చిన్నప్పుడు గొంతునొప్పిగా మొదలై, సకాలంలో వైద్యం అందక రుమాటిక్ జ్వరంగా ముదిరి, గుండె కవాటాలను పాడుచేసే జబ్బు మన దేశాన్ని ఇంకా వదల్లేదు. కవాటం మార్చక తప్పని యువతికి లోహపు కవాటం పెడితే, ఆమె జీవితాంతం రక్తం పలచబడే మాత్రలు మింగుతూ రక్తం గడ్డకట్టే వేగాన్ని చూసే ఐఎన్ఆర్ పరీక్షలు చేయించుకోవాలి. వాటిలో ముఖ్యమైన వార్ఫరిన్ గర్భస్థ శిశువుకు హాని చేస్తుంది. పశువుల కణజాలంతో చేసినదైతే, చిన్న వయసువారిలో కాల్షియం పేరుకుని త్వరగా బిగుసుకుపోతుంది. బిడ్డతో పాటు పెరిగే గుణం రెండింటికీ లేదు.

అందుకే శరీరంలో క్రమంగా కరిగిపోయే పాలిమర్ల చట్రం (స్కాఫోల్డ్) మీద సజీవ కణాలను పెంచి కవాటం తయారుచేసే ప్రయత్నం మొదలైంది. 1995లో బోస్టన్ పరిశోధకులు ఇలా పెంచిన ఒక్క రేకును (కవాటంలో తెరుచుకుని మూసుకునే పొరను) గొర్రెపిల్లల్లో అమర్చారు. 2000 నాటికి మూడు రేకుల కవాటం వచ్చింది. చిక్కంతా ఆ తర్వాతే. రక్తం గడ్డకట్టేటప్పుడు ఏర్పడే ఫైబ్రిన్ అనే ప్రోటీన్ జెల్‌లో కణాలను కలిపి పోస్తే అవి చక్కగా అంటుకుంటాయి, కణజాలానికి బలాన్నిచ్చే కొల్లాజెన్‌ను కూడా తయారుచేస్తాయి, కానీ ఊరుకోకుండా చుట్టూ ఉన్న జెల్‌ను తమవైపు లాగుతూనే ఉంటాయి. డిష్ అంచు నుంచి జెల్‌ను విడదీసి మర్నాడు చూస్తే అది ముడుచుకుపోయి మధ్యలో తేలుతుంటుంది. గుండెలో ఇదే జరిగితే రేకుల అంచులు ఒకదానికొకటి ఆనవు, రక్తం వెనక్కి మళ్లుతుంది. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో పరిశోధకుడు ట్రాంక్విల్లో బృందం కణజాలం గొట్టాలుగా ఏర్పడ్డాక, అలా లాగే కణాలనే తొలగించి, ఆ గొట్టాలతో కవాటాలు కుట్టి, గొర్రెపిల్లల్లో 52 వారాలు గమనించి 2021లో ఫలితాలు ప్రకటించింది.

మన దగ్గర సాధారణంగా ప్రాజెక్టుకు మూడేళ్లు ఇస్తారు. కణాలు అంటుకున్నాయని వ్యాసం వెలువడే సరికి గడువు తీరిపోతుంది; అసలు ప్రశ్న అప్పుడే మొదలవుతుంది. మనకు ముడిసరుకు కొరత లేదు, స్కాఫోల్డ్‌కు పనికొచ్చే కైటోసాన్ అనే పాలిమర్‌ను తీసే రొయ్యల పెంకులు ఆంధ్ర తీరంలో కావలసినన్ని ఉన్నాయి. కొరతల్లా గడువుకే. మీ శాఖ పరిధిలోని తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలో డాక్టర్ వలియత్తాన్ బృందం రూపొందించిన తొలి మూడు కవాట నమూనాలు విఫలమయ్యాయి, నాలుగోది 1990 డిసెంబరులో రోగికి అమరింది. మొదటి వైఫల్యంతోనే నిధులు ఆపి ఉంటే చిత్ర కవాటం ఉండేదే కాదు.

తొందర కూడా వద్దని మనవి. గొర్రెల్లో బాగా పనిచేసిన, కణాలు తొలగించిన పంది కవాటాలను 2001లో వియన్నాలో నలుగురు పిల్లలకు పెడితే ముగ్గురు మరణించారు.

కాబట్టి మూడేళ్ల ముక్కలుగా కాకుండా, దశలవారీ సమీక్షతో కనీసం పదేళ్ల పథకంగా ఈ సజీవ కవాటాల పరిశోధనను మంజూరు చేయాలనీ, అందులో గొర్రెల్లో ఏడాదికి తగ్గని పరిశీలనకు అన్ని ప్రయోగశాలలకూ ఉమ్మడిగా ఒక కేంద్రాన్ని నెలకొల్పాలనీ, విఫలమైన ప్రయోగాల వివరాలను సైతం బహిరంగపరచడం నిధులకు షరతుగా పెట్టాలనీ కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక జీవపదార్థాల పరిశోధకుడు