బహిష్కరణ అన్న ఒక్క మాటలో మూడు వేర్వేరు పనులు

అయ్యా,

అమెరికాలో మత స్వేచ్ఛ చట్టాల మీద గొడవ లేచినప్పుడల్లా ‘బహిష్కరణ పిలుపు’, ‘కోట్ల డాలర్ల నష్టం’ అన్న శీర్షికలు చూస్తున్నాం. బహిష్కరించింది ఎవరు, ఆ నష్టాన్ని ఎలా లెక్కకట్టారు అన్నది మాత్రం వార్తలో దొరకదు.

ఇండియానా సంగతే తీసుకోండి. 1993 నాటి ఫెడరల్ మత స్వేచ్ఛ చట్టం ప్రకారం, ఒకరి మతాచరణకు ప్రభుత్వం పెద్ద అడ్డంకి కల్పిస్తే, అందుకు బలమైన అవసరం ఉందనీ, అంతకంటే తక్కువ ఇబ్బంది పెట్టే దారి లేదనీ ప్రభుత్వమే నిరూపించుకోవాలి. 2015లో ఇండియానా చేసిన చట్టం దీన్ని వ్యాపార సంస్థలకూ వర్తింపజేసింది. ప్రభుత్వం కక్షిదారు కాని దావాల్లోనూ ‘నా మతాచరణకు అడ్డు’ అన్న వాదన ఎత్తుకోవచ్చంది. స్వలింగ జంటలకు సేవలు నిరాకరించే దుకాణదారుకు ఇది అండ అవుతుందన్న భయం అక్కడే పుట్టింది. మార్చి 26న గవర్నర్ మైక్ పెన్స్ సంతకం పెట్టారు. ఏప్రిల్ 2న, అలా నిరాకరించడానికి ఈ చట్టం అనుమతి కాదన్న సవరణ మీద మళ్లీ ఆయనే పెట్టారు.

వారంలో దిగిరావడానికి కారణం ఉంది. కాలేజీ బాస్కెట్‌బాల్ ‘ఫైనల్ ఫోర్’ ఏప్రిల్ 4న ఇండియానాపొలిస్‌లో మొదలు కావాలి. పోటీలు నడిపే ఎన్‌సీఏఏ కేంద్ర కార్యాలయమూ ఆ ఊళ్లోనే. యాంజీస్ లిస్ట్ అనే స్థానిక కంపెనీ 4 కోట్ల డాలర్ల విస్తరణ ఆపేసింది. గడువు ముంచుకొచ్చింది, అడిగింది ఒక్క మార్పే, చేయగలిగినవాళ్లు ఎదురుగా ఉన్నారు. ఈ మూడూ కలవకపోతే ఏళ్లు గడిచినా ఫలితం ఉండదు. సదరన్ బాప్టిస్టులు అనే అమెరికా ప్రొటెస్టంట్ క్రైస్తవ శాఖవారు డిస్నీని 1997 నుంచి 2005 దాకా బహిష్కరించారు. స్వలింగ ఉద్యోగుల భాగస్వాములకు ఇస్తున్న సదుపాయాలను డిస్నీ వెనక్కి తీసుకోలేదు.

ఇక నష్టాల లెక్క. పెద్ద సదస్సులు ఏళ్ల ముందే ఊరు ఎంచుకుంటాయి. హోటల్‌తో ఒప్పందం కుదిరాక రద్దు చేసుకుంటే పరిహారం కట్టాలి, తేదీ దగ్గరపడేకొద్దీ అది పెరుగుతుంది. అందుకని సంతకం చేసినవాళ్లు ఇష్టం లేకపోయినా వస్తారు. ఊరు ఇంకా ఖాయం చేసుకోనివాళ్లు చప్పుడు లేకుండా పేరు కొట్టేస్తారు. దాని దెబ్బ కొన్నేళ్లకు, గదులు శుభ్రం చేసే మనిషికి పనిదినాలు తగ్గినప్పుడు తెలుస్తుంది. చేజారాయని ఇండియానాపొలిస్ పర్యాటక సంస్థ చెప్పిన 12 సదస్సులు, 6 కోట్ల డాలర్లు ఇలాంటి లెక్కే; వాటిలో ఈ చట్టం ఒక కారణం, ఏకైక కారణం కాదు. ప్రభుత్వ భవనాల్లో ట్రాన్స్‌జెండర్లు జనన ధ్రువపత్రంలోని లింగాన్ని బట్టే మరుగుదొడ్లు వాడాలంటూ నార్త్ కరోలినా 2016లో తెచ్చిన చట్టానికి వార్తాసంస్థ అసోసియేటెడ్ ప్రెస్ కట్టిన 376 కోట్ల డాలర్లు పన్నెండేళ్ల అంచనా. అందులో పెద్ద వాటా ఆన్‌లైన్ చెల్లింపుల కంపెనీ పేపాల్ విరమించుకున్న 400 ఉద్యోగాల కేంద్రానిది. అది రావలసి రాని సొమ్ము. ‘376 కోట్లు నష్టం’ అని ఊరుకుంటే పాఠకుడు చేతిలోంచి పోయిన సొమ్మనుకుంటాడు.

కొనేవాడు మానేయడం, కంపెనీ పెట్టుబడి ఆపడం, ప్రభుత్వం తన అధికారంతో ఆపడం ఒకటి కావు. మిసిసిపీలోని పోర్ట్ గిబ్సన్‌లో నల్లజాతి పౌరులు 1966లో తెల్లవారి దుకాణాలను బహిష్కరించిన కేసులో, శాంతియుత బహిష్కరణకు రాజ్యాంగ రక్షణ ఉందని 1982లో సుప్రీంకోర్టు తేల్చింది. మొదటి రకాన్ని నేను గట్టిగా సమర్థిస్తాను, అది ఏ పక్షం చేసినా సరే. కంపెనీ విషయంలో ఒక ప్రశ్న అడగాలి: ఇలాంటి చట్టమే ఉన్న మరోచోట అది వ్యాపారం చేస్తోందా? మూడోది నాకు సమ్మతం కాదు. వివక్ష చట్టాలున్న రాష్ట్రాలకు ప్రభుత్వ ఖర్చుతో ప్రయాణాలను కాలిఫోర్నియా 2017 నుంచి నిషేధించింది. నాలుగు రాష్ట్రాలతో మొదలైన జాబితా తగ్గాల్సింది పోయి 26కు పెరిగింది. అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల పరిశోధకులు, క్రీడాజట్లు వేరే నిధులు వెతుక్కోవలసి వచ్చింది. 2023లో కాలిఫోర్నియాయే దాన్ని రద్దు చేసుకుంది.

ఒత్తిడి ఎప్పుడు ఆపాలో ఎవరు నిర్ణయిస్తారన్నది కూడా వార్తలో రావాలి. నార్త్ కరోలినా 2017 మార్చిలో తన మరుగుదొడ్ల చట్టాన్ని రద్దు చేయగానే ఎన్‌సీఏఏ మళ్లీ పోటీలు ఇవ్వడానికి ఒప్పుకుంది. ఆ రద్దు చట్టంలోనే ఇంకో నిబంధన ఉంది: నగరాలు సొంతంగా కొత్త వివక్ష నిరోధక నిబంధనలు పెట్టుకోవడానికి 2020 డిసెంబరు దాకా వీల్లేదు.

– ఒక పాఠకుడు