చిన్న ఇంజిన్ల సత్తా తెలిసిన మెకానిక్‌లు కావాలి

సంపాదకులకు నమస్కారం.

మన నల్లగొండ జిల్లాలో కారు కొనేవారు ఇప్పటికీ ముందుగా అడిగేది ఇంజిన్ ఎన్ని సీసీలనే. సీసీ తక్కువైతే పికప్ ఉండదని, పికప్ ఉన్న బండికి మైలేజీ రాదని చాలామంది గట్టిగా నమ్ముతారు. ఒకనాడు అది నిజమే. కానీ 1,489 సీసీల పాత అంబాసిడర్ పెట్రోలు ఇంజిన్ 50 హార్స్‌పవర్ దరిదాపుల్లో ఉండగా, నేడు 998 సీసీల మూడు సిలిండర్ల టర్బో ఇంజిన్ అంతకు రెట్టింపుకు మించి ఇస్తోంది.

సిలిండర్‌లోకి ఎంత ఎక్కువ గాలి చేరితే అంత ఎక్కువ ఇంధనాన్ని మండించవచ్చు. బయటికి పోయే పొగలోని శక్తితో చక్రాన్ని తిప్పి, గాలిని ఒత్తి లోపలికి పంపడమే టర్బో పని. అయితే ఒత్తిన గాలి వేడెక్కి, పెట్రోలు వేళ కాని వేళ అంటుకొని ఇంజిన్ టకటకా కొట్టుకుంటుంది, దీన్నే నాకింగ్ అంటారు. పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకే చిమ్మితే, అది ఆవిరవుతూ ఆ వేడిని లాగేసుకుంటుంది కనుక ఆ బెడద తగ్గింది. మామూలు వేగంతో సాగేటప్పుడు చిన్న ఇంజిన్‌లో రాపిడి తక్కువ, గాలి పీల్చడానికయ్యే వృథా కూడా తక్కువ. మైలేజీ పెరిగేది అక్కడే. విజయవాడ రహదారి మీద యాక్సిలరేటర్ అదిమిపట్టి నడిపేవారికి మాత్రం ఆ లాభం దక్కదు.

నన్ను కలవరపెడుతున్నది వీటి సంరక్షణ. టర్బో ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది, దానిని కాపాడేది పలుచని ఆయిల్ పొర ఒక్కటే. అటువంటి ఇంజిన్‌లో ఏ గ్రేడు ఆయిలైనా ఒకటేనని పోయడం, వరికోతల దుమ్ములో తిరిగిన బండికి పాత ఎయిర్ ఫిల్టర్‌నే దులిపి మళ్లీ బిగించడం మన షెడ్లలో నేటికీ జరుగుతోంది. ఇందుకు మెకానిక్‌లను నిందించడం న్యాయం కాదు. ఇంజిన్ చప్పుడు విని లోపం పట్టగల నేర్పరులు వారిలో ఎందరో ఉన్నారు. కానీ 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 వాహన కాలుష్య ప్రమాణాలు వచ్చాక పెరిగిన సెన్సార్ల సంగతి వారికి నేర్పినవారు లేరు.

ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మారుస్తున్న రాష్ట్ర ప్రభుత్వం, వాటిలో కుర్రవాళ్లతో పాటు మిర్యాలగూడ, దేవరకొండ వంటి పట్టణాల్లో ఇప్పటికే షెడ్లు నడుపుతున్నవారికి కూడా సాయంత్రం పూట టర్బో, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్, లోపాలను చదివే స్కానర్ పనుల్లో శిక్షణ ఇప్పించాలని, పగటి సంపాదన పోకుండా వారు నేర్చుకునే వీలు కల్పించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, నల్లగొండ