వారానికి ఒక్క మాత్ర: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. తిరుపతి నుంచి రాస్తున్నాను.

మా అమ్మకు కీళ్లవాతం. పొద్దున లేస్తే గంటసేపు వేళ్లు వంగేవి కావు, చెంబు కూడా పట్టుకోలేకపోయేది. మొదట పుత్తూరు కట్టు వేయించాం. ఎముక విరిగితే అది సరే, ఇది వాపు జబ్బని తర్వాత తెలిసింది. డాక్టరు మెథోట్రెక్సేట్ వారానికి ఒకసారి, ఫోలిక్ యాసిడ్ మిగతా రోజుల్లో వేసుకోమన్నారు. రెండు నెలలకు అమ్మ తన జడ తనే అల్లుకుంది.

రెండూ చిన్న పసుపు మాత్రలే. మూడో నెలలో ఒక మందుల షాపులో కవర్ల మీద రాత తారుమారైంది. అమ్మ ఎనిమిది రోజులు వరసగా మెథోట్రెక్సేట్ మింగింది. నోరంతా పుండ్లు, గుక్కెడు నీళ్లు కూడా దిగలేదు. తెల్ల రక్తకణాలు పడిపోయాయి. దీనికి విరుగుడైన ఫోలినిక్ యాసిడ్ ఎక్కించి బతికించారు.

ఎందుకిలా అయిందో డాక్టరు చెప్పారు. కణం రెండుగా చీలాలంటే ఫోలేట్ అనే విటమిన్ కావాలి. దాన్ని పనికొచ్చే రూపంలోకి మార్చే ఎంజైమ్‌ను మెథోట్రెక్సేట్ పట్టేస్తుంది. వారానికోసారి కొద్దిగా వేస్తే కీళ్ల మీదికి ఎగబడే రోగనిరోధక కణాల జోరు తగ్గుతుంది. రోజూ వేస్తే ఎముక మజ్జలో, నోటి పొరలో కొత్త కణాలే పుట్టవు. మందు మంచిదే సార్, దాన్ని చూసి భయపడి ఎవరూ మానేయకూడదు.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం 1940లలో అమెరికాలోని లెడర్లీ ల్యాబ్‌లో తయారుచేసిన మందు ఇది. తెలుగువాడి చేతి మందు మీద తెలుగులో ఒక్క ముక్క లేక మా అమ్మ చావు దాకా వెళ్లొచ్చింది. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తోంది.

ప్రభుత్వాసుపత్రుల్లో, మందుల షాపుల్లో ఈ మాత్ర ఇచ్చే ప్రతి కవరు మీద ‘వారానికి ఒక్కసారి మాత్రమే’ అని పెద్ద తెలుగు అక్షరాల్లో ఉండేలా ఆదేశించండి. పక్కనే వారం పేరు కూడా రాయించండి. అమ్మ శనివారం పెట్టుకుంది. ఆ రోజు మా ఇంట్లో ఒంటిపొద్దు, ఎవరూ మరిచిపోరు. ఈ మందు వాడేవాళ్లకు రక్తకణాల, లివర్ పరీక్షలు తప్పవు. వాటికి రక్తం పీహెచ్‌సీలోనే తీసుకుంటే కుప్పం, పలమనేరు పల్లెల వాళ్లకు బస్సు ఛార్జీలు, ఒక రోజు కూలీ మిగులుతాయి.

ఇట్లు,
ఒక రోగి కొడుకు,
తిరుపతి