దీవికి వెళ్తే బీచ్ ఒక్కటేనా ఎడిటర్ గారూ?

ఎడిటర్ గారికి నమస్కారం. పోయిన ఆదివారం మీ అనుబంధంలో చలికాలం సెలవులకి దీవులు అని రెండు పేజీలు వేశారు, చదివాను. అండమాన్, మాల్దీవులు, బాలి, అన్నిట్లోనూ బీచ్, స్కూబా, రిసార్ట్, మళ్ళీ బీచ్. ఫొటోలు బావున్నాయి, కాదనను. కానీ దీవికి వెళ్ళినవాళ్ళకి నీళ్ళలో దూకడం తప్ప వేరే పనుండదన్నట్టు రాశారేంటండీ? మజులీ పేరు మచ్చుకి కూడా లేదు, అందుకే ఈ ఉత్తరం.

మజులీ అంటే అస్సాంలో బ్రహ్మపుత్ర మధ్యలో ఉంటుంది. మా గోదావరి వాళ్ళ మాటలో చెప్పాలంటే లంక, కాకపోతే మహా పెద్ద లంక, 2016లో ఏకంగా జిల్లానే చేసేశారు. జోర్హాట్ దాకా రైలు, అక్కడ్నుంచి ఆటోలో నిమాటి ఘాట్, అక్కడ పంటు ఎక్కాలి. అచ్చం మన సఖినేటిపల్లి రేవులో లాగే బైకులు, కార్లు, బస్తాలు, మనుషులు అందరం ఒకేదాంట్లో. పోయిన డిసెంబర్లో నేనూ మా ఆయనా ఎనిమిదో క్లాసు చదివే మా అమ్మాయీ వెళ్ళాం. టూర్ ప్లాన్ వేసిచ్చిన ఏజెంటు కాగితంలో "మాస్క్ షాపింగ్, 30 నిమిషాలు" అని ఉంది. ఆ 30 నిమిషాల చోటికి మేం మూడ్రోజులు తిరిగాం.

ఆ చోటు సామగురి సత్రం. సత్రం అనగానే మనకి కాశీలో భోజనాల సత్రాలు గుర్తొస్తాయి, అది వేరు, ఇవి అస్సాం వైష్ణవ గురువు శంకరదేవుడి సంప్రదాయంలో మఠాల్లాంటివి. భాగవత కథలు చదువురాని వాళ్ళకి కూడా చేరాలని ఆయన నాటకాలు రాసి ఆడించాడు, ఆ ప్రదర్శనల్ని భావొనా అంటారు, అందులో రాక్షసులు, పక్షులు, కోతుల వేషాలకి పెట్టుకునేవే ఈ మాస్కులు (మూతికి కట్టుకునే కరోనా మాస్కులు అనుకునేరు!). కొన్నిటికి దవడ కదుల్తుంది, కొన్నయితే మనిషి మొత్తం లోపల దూరిపోయేంత ఉంటాయి. ఇదే పనికి ఆ సత్రం హేమచంద్ర గోస్వామి గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది, 2024లో మజులీ మాస్కులకి జీఐ ట్యాగ్ (ఇది ఫలానా ఊరి ప్రత్యేకతే అనే గుర్తింపు) కూడా ఇచ్చారు.

చేసే పద్ధతి చూస్తే మన మేదరి పనీ కుమ్మరి పనీ కలిపినట్టుంటుంది. వెదురు బద్దలు సన్నగా చీల్చి తేనెపట్టు గళ్ళలా తల ఆకారం అల్లుతారు, దానిమీద బంకమట్టి నీళ్ళలో ముంచిన గుడ్డ అతికిస్తారు, ఆరాక మట్టీ పేడా కలిపి ముక్కు, కనుబొమ్మలు, చెంపలు తీర్చి మళ్ళీ ఎండబెట్టి వెదురు ముక్కతో నున్నగా రుద్ది అప్పుడు రంగులు. మొత్తం అయ్యేసరికి పదిరోజులు పైనే. మా అమ్మాయికి ఒకాయన నాలుగు బద్దలు చేతికిచ్చి కూర్చోబెట్టాడు. ఆయన హిందీ అంతంతమాత్రం, దీని హిందీ ఇంకా ఘోరం. ఇది తప్పుగా అల్లినప్పుడల్లా ఆయన ఏమీ అనకుండా మొత్తం విప్పేసి మళ్ళీ చేతికిచ్చేవాడు, రెండుసార్లు అలా అయ్యాక దీనికి కళ్ళనీళ్ళు, మూడోసారి కుదిరింది. ధనుర్మాసంలో కళ్ళాపికి పేడ కలపమంటే ముక్కు మూసుకుని మేడెక్కేసే పిల్ల, అక్కడ మోచేతుల దాకా పేడతో జటాయువుకి ముక్కు పెడుతోంది! మా ఆయన పక్కనే పీట మీద కూర్చుని ఫోన్ సంగతే మర్చిపోయాడు, అదింకా పెద్ద వింత.

డిసెంబర్లో అక్కడ నాలుగున్నరకే పొద్దుగూకుతుంది, ఆరింటికల్లా రోడ్ల మీద ఎవరూ ఉండరు. ఒక సాయంత్రం ఉత్తర్ కమలాబారి సత్రానికి వెళ్తే తెల్లపంచెల కుర్రాళ్ళు సత్రియ నాట్యం అభ్యాసం చేస్తున్నారు. 2000లో సంగీత నాటక అకాడమీ దాన్ని శాస్త్రీయ నృత్యంగా గుర్తించింది కానీ అక్కడ వాళ్ళకది రోజువారీ పూజలో భాగం. మన కూచిపూడిలో లాగే ఒకప్పుడు మగవాళ్ళే చేసేవాళ్ళు, ఆడవేషాలు కూడా వాళ్ళే. అక్కడే సాల్మొరా అనే ఊళ్ళో ఆడవాళ్ళు సారె లేకుండా చేత్తోనే కుండలు చేస్తారు. మిసింగ్ అనే గిరిజనుల ఇళ్ళు కర్రల మీద ఎత్తుగా ఉంటాయి, కిందేమో మగ్గాలు. అదంతా రాస్తే మీ పేజీ చాలదు. ఆ నది మాత్రం ఏటా దీవిని కోసుకుపోతూనే ఉంది, సత్రాలే కొన్ని వేరే చోటికి తరలిపోయాయి, కాబట్టి వెళ్ళాలనుకునేవాళ్ళు ఎప్పుడో రిటైరయ్యాక చూద్దాంలే అనుకోకండి.

ఇంతకీ నా గొడవేంటంటే, ఇలాంటివి మనకి లేవా? చేర్యాలలో చింతగింజల జిగురు, రంపంపొట్టు కలిపి మాస్కులు చేస్తారు. ఏటికొప్పాకలో లక్కబొమ్మలు, పెడనలో అచ్చులతో కలంకారీ. దీవే కావాలంటే రెండు గోదావరి పాయల మధ్య మా కోనసీమే ఉందిగా. కనుమ రోజు జగ్గన్నతోటకి జనం వేలల్లో వచ్చి ప్రభల్ని ఫొటో తీసుకుని వెళ్ళిపోతారు. అంతకుముందు వెదురు కట్టి, రంగుగుడ్డలు చుట్టి ఆ ప్రభని నిలబెట్టే వాళ్ళ దగ్గర ఒక పూట కూర్చోనిస్తే ఏ పిల్లకి చేదు? కూర్చుంటామని అడిగే వాళ్ళున్నారు, ఎవర్నడగాలో తెలీదు అంతే. ఎక్కడ కూర్చోనిస్తారు, ఏ రోజుల్లో, ఎంత ఇవ్వడం మర్యాద, ఈ వివరాలు ఊరూరా కనుక్కుని మీ ఆదివారం పేజీలో ఒక మూల వేయండి. హోటల్ రేట్లు ఎలాగూ వేస్తున్నారు కదా. ఇంకోటి, దయచేసి "బేరమాడండి" అనే టిప్ తీసేయండి, పదిరోజుల పని మీద వంద తగ్గించుకుని సంబరపడేవాళ్ళని అక్కడే చూశాను, పైగా మనవాళ్ళే.

మా అమ్మాయి మాస్క్ మూడ్రోజుల్లో అవ్వలేదు, సగంలోనే ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. ఎయిర్‌పోర్టులో స్కానర్ దగ్గర డ్యూటీలో ఉన్నావిడ ఆ మాస్క్‌ని తిప్పి తిప్పి చూసి నవ్వేసి వదిలేసింది. ఇప్పుడు ధవళేశ్వరం నుంచి తెచ్చిన మట్టితో డాబా మీద మిగతా పని నడుస్తోంది, పేడ కోసం పాలవాడితో బేరాలు అదే మాట్లాడుకుంటోంది. ఫొటో జత చేశాను. వేస్తే ఎడమవైపు నుంచి తీసింది వేయండి, కుడివైపు మట్టి నిన్న ఊడిపోయింది.

ఇట్లు,
ఒక పాఠకురాలు, రాజమండ్రి