రింగుల జుట్టుకు ఆ సలహా సరిపడదు

సంపాదకులకు నమస్కారం.

చలికాలం మొదలైతే చాలు, పత్రికల మహిళా పేజీల్లో ‘డ్రైయర్ జోలికి పోకండి, జుట్టును సహజంగా ఆరనివ్వండి’ అన్న సలహా తప్పకుండా కనిపిస్తుంది. సాఫీ జుట్టు ఉన్నవారికి, ఎండలో కాసేపు కూర్చునే తీరిక ఉన్నవారికి ఆ మాట చెల్లుతుంది. ఒత్తైన రింగుల జుట్టుతో, తెల్లవారుతూనే తలస్నానం చేసి కాలేజీకో ఉద్యోగానికో బయలుదేరవలసిన ఆడపిల్లలకు మాత్రం దానివల్ల మేలు కంటే కీడే ఎక్కువని నా అభిప్రాయం. వారు డ్రైయర్‌కు గాలి వేగాన్ని తగ్గించే డిఫ్యూజర్ అనే గిన్నె తగిలించి, తక్కువ వేడితో ఆరబెట్టుకోవడమే మంచిది.

మన విశాఖ చలి లంబసింగి చలి కాదు. అయినా కార్తీక స్నానాల నాటి నుంచి సంక్రాంతి వెళ్లేదాకా తెల్లవారుజామున చల్లదనానికి సముద్రపు తేమ తోడవుతుంది కాబట్టి తడి ఆవిరి కావడం బాగా నెమ్మదిస్తుంది. మార్గశిర గురువారాల్లో బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దర్శనానికి వరుసలో నిలబడిన స్త్రీలను గమనిస్తే, రింగుల జుట్టు వారి ముడి కింద రవిక వీపంతా తడిసి ఉండడం కనిపిస్తుంది. అదే తడి ముడి మీద హెల్మెట్ పెట్టుకుని, మద్దిలపాలెం మీదుగా బండి నడుపుకుంటూ పనికి పోయేవారూ ఎందరో ఉన్నారు. జలుబు వైరస్ వల్ల వస్తుందే తప్ప తడి తల వల్ల కాదని వైద్యులు చెబుతూనే ఉన్నారు. నా ఆందోళన జలుబు గురించి కాదు, గంటల తరబడి తడిలోనే ఉండిపోయే జుట్టు గురించి, మాడు గురించి.

వెంట్రుకలోని కెరటిన్ అనే ప్రొటీన్‌ను పట్టి ఉంచే హైడ్రోజన్ బంధాలు తడిసినప్పుడు విడిపోయి, ఆరేటప్పుడు మళ్లీ కలుస్తాయి. అందుకే జుట్టు ఏ ఆకారంలో ఆరితే ఆ ఆకారంలోనే నిలుస్తుంది. తడిగా ఉన్నంతసేపూ తేలిగ్గా సాగుతుంది, తెగుతుంది. 2011లో కొరియా పరిశోధకులు ‘అనల్స్ ఆఫ్ డెర్మటాలజీ’ అనే వైద్య పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో, వేడి పెరిగేకొద్దీ వెంట్రుక పైపొర దెబ్బతినడం నిజమేనని తేలింది. అయితే 15 సెంటీమీటర్ల దూరం నుంచి డ్రైయర్‌ను కదుపుతూ ఆరబెట్టినప్పటి కంటే, జుట్టును దానంతట అది ఆరనిచ్చినప్పుడే లోపలి కణాలను అతికి ఉంచే పొరకు ఎక్కువ హాని జరిగిందని కూడా అందులోనే తేలింది. మన సలహాల్లో మొదటి మాటే వినిపిస్తుంది, రెండోది వినిపించదు.

డిఫ్యూజర్ అంటే డ్రైయర్ మూతికి తగిలించే, రంధ్రాలూ పొడవాటి పళ్లూ ఉన్న వెడల్పాటి గిన్నె. గాలి ఎక్కువ మేర పరుచుకుని వేగం తగ్గుతుంది కాబట్టి రింగులు చెదిరి రేగిపోవు. వెనుకటి తరంవారు తలంటు పోసి, సాంబ్రాణి పొగ మీద గంప బోర్లించి, దాని మీద కురులు పరిచి ఆరబెట్టేవారు. నిప్పు సెగ నేరుగా తగలకుండా అల్లిక సందుల్లోంచి మెల్లగా పైకి వచ్చేది. డిఫ్యూజర్ చేసే పనీ అదే.

వాడే పద్ధతి తెలియకపోతే మాత్రం అది ఉన్నా ప్రయోజనం లేదు. టర్కీ తువ్వాలుతో రుద్దకుండా, పాత నూలు బట్టతో ఒత్తి నీరు కారడం ఆగేదాకా చూడాలి. చిక్కు తీయడం, క్రీమో జెల్లో రాయడం అంతకుముందే, జుట్టు బాగా తడిగా ఉన్నప్పుడే పూర్తి కావాలి. తల ఒక పక్కకు వంచి, రింగులను కొసల నుంచి గిన్నెలోకి తీసుకుని, మాడు దాకా మెల్లగా ఎత్తి అర నిమిషం కదలకుండా ఉంచాలి. డ్రైయర్ వేడి, వేగం రెండూ తక్కువలో ఉండాలి; ఒక పాయ నుంచి ఇంకో పాయకు మారేటప్పుడు ఆపి మార్చడం మేలు. చలికాలంలో మొదట కుదుళ్లు ఆరబెట్టాలి, ఎందుకంటే తడి ఎక్కువసేపు నిలిచేది అక్కడే. రింగుల మెలికలు దాటి మాడులోని నూనె కొసల దాకా చేరదు కనుక కొసలు ఎప్పుడూ పొడిగానే ఉంటాయి. వాటిని కాస్త చెమ్మ ఉండగానే వదిలేసి, చివర చల్లగాలి పెట్టి ముగించాలి. పూర్తిగా ఆరేదాకా వేళ్లు పెట్టకూడదు. స్నానాలగదిలోనూ తడిచేతులతోనూ డ్రైయర్ వాడకూడదన్నది వేరే చెప్పనక్కరలేదు. కరెంటు ఖర్చు గురించి బెంగపడే తల్లులకు ఒక మాట: 1,200 వాట్ల డ్రైయర్ పూర్తి వేడిలో 20 నిమిషాలు నడిచినా అయ్యేది 0.4 యూనిట్ మాత్రమే.

నన్ను ఎక్కువ బాధపెట్టేది బడిపిల్లల పరిస్థితి. ఉదయం ఏడు గంటలకల్లా బస్సెక్కవలసిన పిల్లకు తడి రింగులనే బలవంతంగా దువ్వి, రెండు జడలు బిగించి, రిబ్బన్లు కట్టి పంపుతున్నారు. జడ వదులైతే బడిలో మందలింపు. తడి జుట్టును లాగి బిగిస్తే కుదుళ్లు బలహీనపడతాయి, జడ లోపలి తడి సాయంత్రం విప్పేదాకా ఆరదు. తలస్నానం చేసిన రోజున వదులుగా ఒక క్లిప్పు పెట్టుకుని రావడానికి అనుమతిస్తే క్రమశిక్షణకు వచ్చే లోటేమీ లేదని యాజమాన్యాలు గ్రహించాలి.

ఈ సంక్రాంతి లోపలే మీ మహిళా పేజీలో రింగుల జుట్టు సంరక్షణ మీద చర్మవ్యాధి నిపుణుల చేత ఒక వ్యాసం రాయించి, డిఫ్యూజర్ పట్టుకునే తీరు తెలిసేలా బొమ్మలతో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు,
పెదవాల్తేరు, విశాఖపట్నం.