సాల్టాలో చూసిన ఆ పిల్ల

ఒరేయ్ రవీ,

మొన్న ఫోన్‌లో సిగ్నల్ సరిగ్గా లేక "వచ్చాక చెప్తాలే" అన్నాను కానీ, అప్పటిదాకా ఆగలేకపోతున్నాను, అందుకే రాస్తున్నాను. స్కూల్లో ఉన్నప్పుడు మనల్ని నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంకి తీసుకెళ్ళారు, గుర్తుందా? అక్కడి ఈజిప్టు మమ్మీని చూసి నువ్వు రెండు రోజులు ఒంటరిగా పడుకోనన్నావు. మమ్మీ అంటే ఇన్నాళ్ళూ నా మనసులో అదే, గుడ్డ చుట్టిన ఆకారం. సాల్టాలో చూసింది వేరు.

సాల్టా అర్జెంటీనాకి వాయవ్యాన, ఆండీస్ కొండల దగ్గరుంది. ఊరి మధ్య చౌక్‌లోనే ఎత్తైన కొండల పురావస్తు మ్యూజియం, పొట్టిగా అందరూ మామ్ అంటారు. చిలీ సరిహద్దులో యుయాయాకో అనే అగ్నిపర్వతం ఉంది, ఎత్తు 6,739 మీటర్లు. 1999లో యోహాన్ రైన్‌హార్డ్, కాన్స్తాన్సా సెరూతీ అనే పురావస్తు పరిశోధకుల బృందం దాని శిఖరం దగ్గర తవ్వితే ముగ్గురు పిల్లలు దొరికారు. ఐదు వందల ఏళ్ళ క్రితం, అప్పట్లో ఆండీస్‌ని ఏలిన ఇంకా జాతివాళ్ళు కపకోచా అనే క్రతువులో బలి ఇచ్చిన పిల్లలు. ఏడేళ్ళ పిల్లాడు, ఆరేళ్ళ పాప (సమాధిలో ఉండగానే పిడుగు పడి ఆమె ముఖం కొంత కాలింది), ఇంకొకరు పదిహేనేళ్ళ పిల్ల. ఆ పిల్లని లా డొన్సెయా, అంటే కన్య అంటారు. ముగ్గురినీ ఒకేసారి చూపించరు, ఒక్కొక్కరినే మార్చి మార్చి పెడతారు. నేను వెళ్ళిన రోజు ఉన్నది ఈ పిల్లే.

ముందు గదుల్లో వాళ్ళతో పాటు పాతిపెట్టిన వస్తువులు ఉన్నాయి. బంగారం, వెండి, ఎర్రటి గవ్వతో చేసిన చిట్టి బొమ్మలు, వాటికి నిజమైన నేత బట్టలు, నెత్తిన ఈకల కిరీటాలు. బొమ్మకి కట్టిన ఆ బట్ట నేత ఎంత సన్నమో, పోచంపల్లి వాళ్ళకి చూపించాలనిపించింది. ఆ తర్వాత చివరి గది, వెలుతురు తక్కువ. అద్దం వెనక సున్నాకి ఇరవై డిగ్రీలు కింద చలిలో ఆ పిల్ల బాసింపట్టు వేసుకుని, తల కొంచెం వంచి కూర్చుని ఉంది. సన్నటి జడలు ఎన్నో అల్లి ఉన్నాయిరా. ఈజిప్టు వాళ్ళు పేగులూ అవీ తీసేసి, ఉప్పులో ఎండబెట్టి, గుడ్డ చుట్టేవాళ్ళు కదా. ఇక్కడ అవేవీ లేవు. ఆ కొండ చలీ, పొడి గాలీ అలాగే నిలిపేశాయి, లోపలి అవయవాలతో సహా. చేతుల మీద నూగు కూడా పోలేదు. చదువుకుంటూ కునుకు పట్టిన పిల్లలా ఉంది, అంతకంటే ఎలా చెప్పాలో తెలియట్లేదు.

నన్ను కుదిపేసింది ఆ జుట్టు కథ. జుట్టు నెలకి ఒక సెంటీమీటరు చొప్పున పెరుగుతుంది కదా, అందులో తిన్నదీ తాగిందీ నెలలవారీగా మిగిలిపోతుందట. దాన్ని పరీక్షించి 2013లో చెప్పారు, చనిపోవడానికి సుమారు ఏడాది ముందు ఆమె తిండి ఒక్కసారిగా మారిందని. అంతకు ముందు దుంపల తిండి, తర్వాత మొక్కజొన్న, మాంసం, అంటే పెద్దింటి భోజనం. అక్కడివాళ్ళు ఉత్తేజం కోసం నమిలే కోకా ఆకు వాడకమూ అప్పటి నుంచే బాగా పెరిగింది. చివరి కొద్ది వారాల్లో మొక్కజొన్న కల్లు, వాళ్ళ చిచా, విపరీతంగా తాగించారు. నమిలిన కోకా ఆకు ముద్ద ఇప్పటికీ ఆమె పళ్ళ మధ్యే ఉంది. ఊపిరితిత్తుల్లో జబ్బు కూడా ఉందని తేలింది. అంటే దగ్గుతూనే అంత ఎత్తు ఎక్కిందా అని అక్కడే నిలబడిపోయాను. ఎంపిక చేసిన రోజు నుంచి ఏడాది పాటు బాగా తిండి పెట్టి, గౌరవించి, తీసుకెళ్ళి మత్తులో పడుకోబెట్టారు. వాళ్ళకది దేవుళ్ళ దగ్గరికి పంపడం. నాకు మాత్రం అది ఒప్పుకోవడం చేతకావట్లేదు.

ఇంకో మాట. అక్కడి ఆదివాసీ నాయకులు కొందరు ఈ పిల్లల్ని ఇలా పెట్టడాన్ని గట్టిగా వ్యతిరేకించారు, మా పూర్వీకుల్ని టికెట్టు పెట్టి చూపిస్తారా అని. టికెట్టు కొని చూసినవాడినే అయినా, వాళ్ళ మాటే సరైనదనిపిస్తోంది. జుట్టులో అంత తెలిసింది కదా, ఇక తిరిగి ఆ కొండకి చేర్చేయొచ్చు. కానీ చూడకపోయి ఉంటే ఆ పిల్ల గురించి నీకు ఇంత రాసేవాడిని కాదు, అదీ నిజమే.

మీ స్వాతికి పదిహేను నిండాయి కదా ఈ మధ్య? తనకి చదివి వినిపించాలో వద్దో నువ్వే చూసుకో. నువ్వైతే ఆ చివరి గదిలోకి వెళ్ళేవాడివా, తప్పకుండా రాయి.

నీ
మురళి